సైట్ ప్లగిన్ అడుగుతోంది, వేసుకోవాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

కోఠి గుజరాతీ గల్లీలో కొన్న సీసీ కెమెరా డీవీఆర్ (రికార్డింగ్ పెట్టె), టెండర్లకు వాడే డిజిటల్ సంతకం టోకెన్ (యూఎస్‌బీకి గుచ్చే చిన్న పరికరం), స్కూల్లో ఎప్పుడో ఇచ్చిన సైన్సు సీడీ. వీటిలో ఏది తెరిచినా తెర మీద వచ్చేది ఒకటే మాట: ప్లగిన్ లేదు, ఇన్‌స్టాల్ చేసుకోండి. మాట ఒకటే గానీ జవాబు మూడింటికీ మూడు రకాలు. హైదరాబాద్‌లో ఇళ్లల్లో, చిన్న ఆఫీసుల్లో, మీసేవ కేంద్రాల్లో ఎక్కువగా వచ్చే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. మెనూల పేర్లు తెర మీద ఇంగ్లీషులో ఎలా కనబడతాయో అలాగే తెలుగు లిపిలో రాశాం.

ప్లగిన్, ఎక్స్‌టెన్షన్ రెండూ ఒకటేనా?

కాదు. ఈ రెండూ కలిపేయడం వల్లే సగం గందరగోళం.

ప్లగిన్ అంటే బ్రౌజర్‌కు చేతకాని పనిని చేసిపెట్టే బయటి ప్రోగ్రాం. పేజీలో ఒక నలుచదరం జాగా కేటాయించి, "ఇక్కడ నువ్వే చూసుకో" అని బ్రౌజర్ దాని చేతికి అప్పజెప్పేది. నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0తో ఈ ఏర్పాటు మొదలైంది. మైక్రోసాఫ్ట్ 1996లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 3తో యాక్టివ్‌ఎక్స్ అని తన పద్ధతి తెచ్చింది. ఫ్లాష్, జావా యాప్లెట్, షాక్‌వేవ్, సిల్వర్‌లైట్ అన్నీ ఈ కుటుంబమే. ఆ నలుచదరంలో ఏం జరుగుతోందో బ్రౌజర్‌కు తెలియదు. మీ విండోస్ ఖాతాకు ఏ హక్కులుంటే దాదాపు అవన్నీ దానికీ ఉండేవి.

ఎక్స్‌టెన్షన్ వేరే జాతి. అది బ్రౌజర్ గీసిన గీత లోపలే, బ్రౌజర్ ఇచ్చిన అనుమతులతోనే పనిచేస్తుంది. పాతకాపులకు 'పద్మ' గుర్తుండే ఉంటుంది. తెలుగు పత్రికల సైట్లు తలా ఒక సొంత ఫాంటు వాడుతున్న రోజుల్లో, ఫైర్‌ఫాక్స్‌లో ఆ పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపిన ఎక్స్‌టెన్షన్ అది. 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి పాత తరహా ఎక్స్‌టెన్షన్లన్నింటినీ ఆపేసింది. అప్పటికి ఎక్కువ సైట్లు యూనికోడ్‌కే వచ్చేశాయి.

మూడో రకం ఒకటుంది, దాన్నీ జనం ప్లగిన్ అనే అంటారు. కంప్యూటర్‌లో మామూలు ప్రోగ్రాంలా కూర్చుని, 127.0.0.1 అనే సొంత చిరునామా దగ్గర బ్రౌజర్‌తో మాట్లాడే సహాయక ప్రోగ్రాం. సంతకం టోకెన్లు, వేలిముద్ర యంత్రాలు ఇప్పుడు ఈ దారిలోనే నడుస్తున్నాయి.

మరి వేసుకోవాలో వద్దో తేల్చుకునేది ఎట్లా?

ఒక్క ప్రశ్న వేసుకోండి: ఆ సైట్ మీ కంప్యూటర్‌కు గుచ్చిన పరికరాన్ని ముట్టుకోవాలా? టోకెన్, వేలిముద్ర యంత్రం లాంటివి ఉంటే సహాయక ప్రోగ్రాం న్యాయంగానే అవసరం. వీడియో, ఆట, గ్రాఫు, త్రీడీ బొమ్మ, మీటింగ్ చూపించడానికే అయితే ఏ ప్లగిన్నూ అక్కర్లేదు, బ్రౌజరే చాలు. అయినా అడుగుతోందంటే ఆ సైట్ పదేళ్ల కిందట ఆగిపోయి ఉండాలి, లేదా మోసమై ఉండాలి. పాత డీవీఆర్‌లు, పాత సర్వర్లు మాత్రం ఈ లెక్కకు అందవు. వాటి సంగతి కింద ఉంది.

అంత ప్రమాదమైతే అప్పట్లో అందరూ ఎందుకు వాడారు?

వేరే దారి లేక. 2005లో యూట్యూబ్ మొదలైనప్పుడు బ్రౌజర్‌కు సొంతంగా వీడియో ఆడించడం రాదు. ఫ్లాష్ ఒక్కటి ఉంటే ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనబడేది. కదిలే బొమ్మలు, మైకు, కెమెరా అన్నీ దాని గుండానే. తెలుగు వాళ్లకు అందులోనూ ఇబ్బందులే. మన ఒత్తులు, గుణింతాల వంటి లిపి చిక్కులను సరిగా పట్టించుకునే కొత్త టెక్స్ట్ ఇంజన్ 2008లో ఫ్లాష్ ప్లేయర్ 10తో గానీ రాలేదు. అందుకే చాలామంది డిజైనర్లు తెలుగు అక్షరాలను బొమ్మలుగా మార్చి పెట్టేసేవారు. ఈ రోజుకీ ఆ ఫైళ్లలో తెలుగు మాట వెతికితే దొరకదు.

వీడియో, శబ్దం బ్రౌజరే సొంతంగా ఆడించే వీలున్న హెచ్‌టీఎంఎల్5 (వెబ్ పేజీలు రాసే భాష కొత్త రూపం) 2014 అక్టోబర్‌లో ప్రమాణంగా ఖరారైంది. 2015 జనవరిలో యూట్యూబ్ దానికే మారింది. 2017 కల్లా పెద్ద బ్రౌజర్లన్నింటికీ, బరువైన ప్రోగ్రాంలను బ్రౌజర్ లోపలే వేగంగా నడిపే వెబ్‌అసెంబ్లీ వచ్చింది. దాంతో ప్లగిన్ చేసే పని ఏదీ మిగల్లేదు.

ప్రమాదం సరిగ్గా ఎక్కడుంది?

ప్లగిన్లు ఎక్కువగా సీ, సీప్లస్‌ప్లస్‌లో రాసినవి. మెమరీ లెక్క ఎక్కడ తప్పినా, దాడి చేసేవాడు తయారుచేసిన ఫైలు ఆ తప్పు గుండా దూరి తన కోడ్ నడిపిస్తుంది. మీరు ఏదీ నొక్కనక్కర్లేదు. పేజీ తెరుచుకుంటే చాలు, ఆ పేజీలో ఓ మూలన ఉన్న ప్రకటన చాలు. నమ్మకమైన వార్తల సైట్‌లోనే చూస్తున్నాను కదా అనుకుంటే లాభం లేదు, ప్రకటన వచ్చేది మూడోవాడి సర్వర్ నుంచి.

బ్రౌజర్ తెరవకపోయినా తప్పేది కాదు. 2011లో ఆర్ఎస్ఏ అనే భద్రతా సంస్థలోకే చొరబడ్డారు. ఈమెయిల్‌లో ఎక్సెల్ ఫైలు వచ్చింది, దాని లోపల ఫ్లాష్ వస్తువు పొదిగి ఉంది. ఫ్లాష్ కంప్యూటర్‌లో ఉంది కాబట్టి ఎక్సెల్ దాన్ని పిలిచి నడిపింది. "నేను ఫ్లాష్ సైట్లు చూడనుగా, ఉంటే ఏం పోయింది" అనేవాళ్లకు జవాబు ఇదే. 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే వైరస్ జావా ప్లగిన్ లోపం గుండా దాదాపు 6 లక్షల మ్యాక్‌లకు ఎక్కింది. పేరు ఫ్లాష్‌బ్యాక్ అయినా దూరిన దారి జావా. ఒరాకిల్ అప్పటికే దిద్దుబాటు ఇచ్చింది, కానీ మ్యాక్‌లకు జావా ఇచ్చే ఆపిల్ దాన్ని కొన్ని వారాలు ఆలస్యంగా పంపింది. ఆ సందులోనే పని అయిపోయింది.

అసలు చిక్కు ఈ ఆలస్యమే. బ్రౌజర్ తనంతట తానే అప్‌డేట్ అవుతుంది. ప్లగిన్ మాత్రం ఒక మూల నుంచి "అప్‌డేట్ చేయాలా?" అని అడుగుతుంది, మనం "తర్వాత" అని నొక్కుతాం. తర్వాతి రోజుల్లో క్రోమ్ ఫ్లాష్‌ను సొంత పెట్టెలో బంధించి, నొక్కితేనే నడిచేలా చేసి కొంత కాపాడింది. అయినా కొత్త లోపాలు వస్తూనే ఉండేవి.

ఏవేవి పోయాయి, ఎప్పుడు?

క్రోమ్ 2015 సెప్టెంబర్‌లో వెర్షన్ 45తో పాత ప్లగిన్ పద్ధతిని పూర్తిగా తీసేసింది. ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో వెర్షన్ 52తో ఫ్లాష్ తప్ప మిగతావన్నీ ఆపింది. బ్రౌజర్‌లో జావా నడిపే ప్లగిన్ 2018లో జావా 11తో పోయింది, షాక్‌వేవ్ ప్లేయర్ 2019 ఏప్రిల్‌లో పోయింది. ఫ్లాష్‌కు మద్దతు 2020 డిసెంబర్ 31తో ముగిసింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయరే తనలో నడిచేవాటిని అడ్డుకుంది. సిల్వర్‌లైట్ 2021 అక్టోబర్ 12న ఆగింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2022 జూన్ 15న విరమించింది గానీ, దాని ఇంజన్ మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ లోపల 'ఐఈ మోడ్' పేరుతో ఇంకా బతికే ఉంది. కనీసం 2029 వరకు ఉంచుతామని మైక్రోసాఫ్ట్ మాట.

"ఫ్లాష్ ప్లేయర్ పాతబడింది, అప్‌డేట్ చేయండి" అని వచ్చింది. చేయాలా?

వద్దు. 2021 తర్వాత మామూలు జనానికి ఫ్లాష్ అప్‌డేట్ అనేదే లేదు. అలా అడిగే ప్రతి పేజీ మోసమే, ఇందులో మినహాయింపు వెతకొద్దు. ఫ్లాష్ బతికున్న రోజుల్లోనే ఈ ఎత్తు నడిచింది. 2017 అక్టోబర్‌లో రష్యా, ఉక్రెయిన్‌లలో కంప్యూటర్లకు తాళం వేసిన బ్యాడ్ ర్యాబిట్, ఫ్లాష్ ఇన్‌స్టాలర్ వేషంలోనే దిగింది. ఇప్పుడు పేర్లు మారాయి: "వీడియో కోడెక్", "ఫాంట్ ప్యాక్ లేదు", "క్రోమ్ అప్‌డేట్". ఇంకో కొత్త రకంలో "మీరు మనిషేనని నిరూపించుకోండి" అంటూ విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఏదో అతికించమంటారు. ఏ నిజమైన సైట్ కూడా ఆ పని చేయమనదు.

ఇప్పటికే నడిపేసి ఉంటే: ముందు వైఫై ఆపండి లేదా నెట్ వైరు పీకండి. కంప్యూటర్ షట్‌డౌన్ చేయకముందే ఆ ఫైలు పేరు, వచ్చిన సైట్ చిరునామా ఫోన్‌తో ఫొటో తీసుకోండి. విండోస్ సెక్యూరిటీలో 'మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్' నడపండి. మెషిన్ రీస్టార్ట్ అయి పావుగంట దాకా పడుతుంది. ఈలోగా వేరే పరికరం నుంచి, ఆ కంప్యూటర్ నుంచి కాదు, ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని చోట్లా లాగౌట్ చేయండి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు ఇలాంటివాటికి మొదటి ఎర. డబ్బు పోతే అదే గంటలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపగలిగే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

పాత ఫ్లాష్ కంప్యూటర్‌లో ఇంకా ఉందేమో ఎలా చూడాలి?

విండోస్ ఫోల్డర్‌లో సిస్టం32, సిస్‌వావ్64 రెండింట్లోనూ 'మాక్రోమెడ్' అనే ఫోల్డర్ ఉందేమో చూడండి. విండోస్‌తో వచ్చిన ఫ్లాష్‌ను కేబీ4577586 అనే అప్‌డేట్ తీసేస్తుంది. విడిగా దించుకున్నది అలాగే మిగిలిపోవచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో చూసి తీసేయండి.

మా అపార్ట్‌మెంట్ సీసీ కెమెరా డీవీఆర్ క్రోమ్‌లో తెరిస్తే ప్లగిన్ అంటోంది. నెల కిందట ఎడ్జ్‌లో వచ్చింది, ఇప్పుడు అదీ రావట్లేదు.

రెండు విషయాలు కలిసి సతాయిస్తున్నాయి.

డీవీఆర్ వీడియోను ఆర్‌టీఎస్‌పీ అనే పద్ధతిలో పంపుతుంది, క్రోమ్‌కు అది సూటిగా అర్థం కాదు. మధ్యలో అనువాదకుడిగా యాక్టివ్‌ఎక్స్ ప్లగిన్ కావాలి. కాబట్టి ముందు ప్లగిన్ లేకుండా అయ్యే దారి చూడండి. డీవీఆర్ ఫర్మ్‌వేర్ (దాని లోపలి ప్రోగ్రాం) అప్‌డేట్ ఉంటే వేయండి, కొత్తవాటిలో ప్లగిన్ లేకుండానే చూసే వీలు ఉంటుంది. ఆ తర్వాత వీడియో సెట్టింగ్స్‌లో సబ్ స్ట్రీమ్ (చూడటానికి పంపే చిన్న వీడియో) కుదింపు పద్ధతిని హెచ్.265 నుంచి హెచ్.264కు మార్చండి. "ప్లగిన్ లేదు" అనే ఫిర్యాదు చాలాసార్లు ఈ ఒక్క మార్పుతోనే తీరుతుంది. రికార్డింగ్ జరిగే మెయిన్ స్ట్రీమ్‌ను కదపనక్కర్లేదు, హార్డ్ డిస్కులో జాగా లెక్క మారదు.

అప్పటికీ కాకపోతే ఐఈ మోడ్. ఎడ్జ్‌లో సెట్టింగ్స్, అందులో డిఫాల్ట్ బ్రౌజర్. "అలో సైట్స్ టు బీ రీలోడెడ్ ఇన్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మోడ్" దగ్గర 'అలో' పెట్టి, ఎడ్జ్‌ను రీస్టార్ట్ చేయండి. అదే పేజీలో కింద 'యాడ్' నొక్కి డీవీఆర్ చిరునామా, అంటే 192.168.1.64 లాంటిది, పోర్టు ఉంటే దాంతో సహా ఇవ్వండి. ఇలా చేర్చిన చిరునామా గడువు 30 రోజులు. మీకు నెల తర్వాత ఆగిపోయింది అందుకే. మళ్లీ చేర్చితే మళ్లీ 30 రోజులు. ప్రతి నెలా ఈ లొల్లి వద్దనుకునే ఆఫీసులు గ్రూప్ పాలసీలో (ఆఫీసు కంప్యూటర్లన్నింటికీ ఒకేచోట నుంచి పెట్టే విండోస్ నియమాలు) సైట్ల జాబితా ఫైలు పెట్టుకుంటే గడువు ఉండదు.

ఇక్కడే పెద్ద తప్పు జరుగుతుంటుంది. ప్లగిన్ పట్టట్లేదని బిగించే కుర్రాడు ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో సెక్యూరిటీకి వెళ్లి, 'ఇంటర్నెట్' జోన్‌లో యాక్టివ్‌ఎక్స్ సెట్టింగ్స్ అన్నీ 'ఎనేబుల్' చేసి వెళ్లిపోతాడు. అంటే మీ ఒక్క డీవీఆర్ కోసం ప్రపంచంలోని సైట్లన్నింటికీ తలుపు తీసినట్టు. అలా చేసి ఉంటే 'రీసెట్ ఆల్ జోన్స్ టు డిఫాల్ట్ లెవెల్' నొక్కండి. తర్వాత 'ట్రస్టెడ్ సైట్స్'లో డీవీఆర్ చిరునామా ఒక్కటే చేర్చండి. హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి అనే టిక్కు తీస్తేనే అది చేరుతుంది. సడలింపు ఏదైనా ఆ జోన్‌లోనే, అదీ 'ఎనేబుల్' కాదు, 'ప్రాంప్ట్'. ప్లగిన్ ఫైలు డీవీఆర్ పేజీ నుంచి గానీ తయారీదారు సైట్ నుంచి గానీ తీసుకోండి. అది నడిపే ముందు ఎడ్జ్ కిటికీలన్నీ మూసేయాలి, లేదంటే "ఇన్‌స్టాల్ అయింది" అంటుంది గానీ తెర నల్లగానే ఉంటుంది.

ఇంకో మాట. ఇంటి బయటి నుంచి చూడాలని రౌటర్‌లో డీవీఆర్ పోర్టును బయటికి తెరవొద్దు. 2016లో అమెరికాలో పెద్ద సైట్లను పడగొట్టిన మిరాయ్ అనే వైరస్ దాడిలో సైన్యం ఇలాంటి కెమెరాలు, డీవీఆర్‌లే. వాటిలో పెట్టెలో వచ్చిన పాస్‌వర్డే ఉండిపోయింది.

డిజిటల్ సంతకం పెట్టేటప్పుడు పోర్టల్ "సైనర్ నడవట్లేదు" అంటోంది. రేపే ఆఖరి తేదీ.

ఒకప్పుడు ఈ పని జావా యాప్లెట్ చేసేది. ఇప్పుడు జీఎస్టీ పోర్టల్‌కు ఎమ్‌సైనర్ లాంటి సహాయక ప్రోగ్రాంలు చేస్తున్నాయి. సంతకం వరకు గొలుసులో నాలుగు లింకులున్నాయి: టోకెన్, దాని డ్రైవర్, సైనర్ ప్రోగ్రాం, బ్రౌజర్. చివరి నుంచి కాదు, మొదటి నుంచి చూసుకురండి.

టోకెన్ గుచ్చి దాని సొంత టూల్ తెరవండి. సర్టిఫికెట్ కనబడి, గడువు తేదీ దాటలేదంటే మొదటి రెండు లింకులు బాగున్నట్టే. కనబడకపోతే వేరే యూఎస్‌బీ పోర్టులో, హబ్ లేకుండా నేరుగా గుచ్చండి. టూల్‌లో 'ఇనిషియలైజ్' అనే మీట కనబడుతుంది. దాన్ని మాత్రం ముట్టుకోవద్దు. అది టోకెన్‌ను తుడిచేస్తుంది, లోపలి తాళం ఇంకెక్కడా కాపీ ఉండదు, కొత్త సర్టిఫికెట్ కొనాల్సిందే. పిన్ వరుసగా తప్పు కొట్టినా టోకెన్ లాక్ అవుతుంది.

తర్వాత సైనర్‌ను రైట్ క్లిక్ చేసి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్'తో మొదలుపెట్టండి. ఆ ప్రోగ్రాం సర్టిఫికెట్ దానికదే తయారుచేసుకున్నది కాబట్టి బ్రౌజర్ దాన్ని నమ్మదు. పోర్టల్ సూచనల్లో ఇచ్చిన 127.0.0.1 చిరునామాను కొత్త ట్యాబ్‌లో తెరిచి, 'అడ్వాన్స్‌డ్', 'ప్రొసీడ్' నొక్కండి. ఇక్కడ ఆ హెచ్చరిక దాటడం తప్పు కాదు, ఎందుకంటే 127.0.0.1 అంటే మీ కంప్యూటరే. వేరే ఏ చిరునామాకు అదే హెచ్చరిక వచ్చినా దాటొద్దు. రెండు మూడు పోర్టళ్ల సైనర్లు ఒకేసారి నడుస్తుంటే ఒకే పోర్టు కోసం కొట్టుకుంటాయి. టాస్క్ మేనేజర్‌లో మిగతావి ఆపండి. ఇటీవలి క్రోమ్ వెర్షన్లలో, సైట్ మీ సొంత నెట్‌వర్క్‌లోని పరికరాలను అందుకోవచ్చా అని ఒక పెట్టె వస్తోంది. తొందరలో 'బ్లాక్' కొట్టేసి ఉంటే చిరునామా పక్కనున్న గుర్తు నొక్కి అనుమతి మార్చండి.

భద్రత విషయానికొస్తే, సైనర్ కన్నా ఎక్కువ భయపడాల్సింది అలవాట్లకు. పిన్‌ను కాగితం మీద రాసి, టోకెన్‌కే రబ్బరు బ్యాండుతో చుట్టి, ఇరవై మంది క్లయింట్ల టోకెన్లు ఒకే బిస్కెట్ డబ్బాలో పడేసే ఆఫీసులు తక్కువేం లేవు. ఆ పైన టోకెన్ గుచ్చి ఉండగానే "సపోర్ట్" వాడికి ఎనీడెస్క్‌తో (కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే ప్రోగ్రాం) పగ్గాలు ఇచ్చేస్తారు. ఆ పది నిమిషాల్లో మీ పేరు మీద దేనికైనా సంతకం పడుతుంది, చట్టం దృష్టిలో అది మీ సంతకమే. పని అయ్యాక టోకెన్ పీకేయండి. సైనర్ కూడా ఆపేయండి, అది నడుస్తున్నంతసేపూ మీరు తెరిచిన వేరే సైట్లు కూడా దాని తలుపు తట్టగలవు. 2019లో మ్యాక్ మీద జూమ్ పెట్టిన ఇలాంటి సహాయక సర్వరే, ఏదో ఒక సైట్ తెరిస్తే మనిషిని అడక్కుండా మీటింగ్‌లోకి, కెమెరాతో సహా లాగగలదని తేలింది.

వేలిముద్ర యంత్రం మీసేవ పేజీలో పట్టట్లేదు.

ఆధార్ వేలిముద్ర యంత్రాలకు ఆర్‌డీ సర్వీస్ అనే సహాయక ప్రోగ్రాం ఉండాలి. అది 11100 నుంచి 11120 వరకు ఉన్న పోర్టుల్లో ఒకదాని మీద వింటుంది. విండోస్ సర్వీసెస్‌లో అది 'రన్నింగ్' అని ఉందా, కంప్యూటర్ తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయా చూడండి. గడియారం తప్పితే సర్వర్ ఆ వేలిముద్రను తిప్పికొడుతుంది. యంత్రం తయారీ సంస్థ సైట్ నుంచే డ్రైవర్ తీసుకోండి, వాట్సాప్ గ్రూపులో తిరిగే జిప్ ఫైలు నుంచి కాదు.

స్కూల్లో పాత ఫ్లాష్ సైన్సు పాఠాలున్నాయి. పారేయాలా?

అక్కర్లేదు. రఫుల్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఫ్లాష్ ఫైళ్లను ఫ్లాష్ లేకుండానే ఆడిస్తుంది. అది రస్ట్ భాషలో రాసింది. బ్రౌజర్‌లో వెబ్‌అసెంబ్లీగా, బ్రౌజర్ పెట్టె లోపలే నడుస్తుంది కాబట్టి పాత ప్లగిన్‌తో ఉన్న ముప్పు దీనికి లేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబర్ నుంచి తన ఫ్లాష్ సేకరణను దీంతోనే చూపుతోంది.

ఏ ఫైలు నడుస్తుందో ముందే అంచనా వేయొచ్చు. 2006లో ఫ్లాష్ ప్లేయర్ 9తో యాక్షన్‌స్క్రిప్ట్ 3 వచ్చింది. అంతకుముందు చేసిన ఫైళ్లు దాదాపు అన్నీ సాఫీగా ఆడతాయి. తర్వాతివి కొన్ని ఆడతాయి, కొన్ని సగంలో ఆగుతాయి. ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అంతా గజిబిజిగా ఉంటుంది గానీ మొదటి మూడు అక్షరాలు చదవొచ్చు: ఎఫ్‌డబ్ల్యూఎస్ అయితే కుదించనిది, సీడబ్ల్యూఎస్ అయితే కుదించినది. జడ్‌డబ్ల్యూఎస్ అయితే ఇంకా తర్వాతి కాలపు కుదింపు, అంటే ఫైలు కొత్తది, పేచీ పెట్టే అవకాశం ఎక్కువ. ఈ మూడూ కాకపోతే ఫైలే పాడైంది, రఫుల్‌ను తిట్టి లాభం లేదు. చూశాక సేవ్ చేయకుండా మూసేయండి.

సీడీలోని ఇండెక్స్ పేజీని డబుల్ క్లిక్ చేస్తే తెల్ల పేజీ వస్తుందని చాలామంది అంటారు. మీరే ఆ పేజీలో రఫుల్ చేర్చి ఉంటే కారణం ఇది: డిస్కు నుంచి సూటిగా తెరిచిన పేజీని పక్క ఫైళ్లు లాగనివ్వదు బ్రౌజర్. నెట్ లేని ల్యాబ్‌లో అయితే రఫుల్ డెస్క్‌టాప్ వెర్షన్ పెట్టుకోండి, ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైలును లాగి అందులో వదిలితే చాలు. ల్యాబ్ సర్వర్ మీద పెట్టేవాళ్లు వెబ్‌అసెంబ్లీ ఫైలు రకం సర్వర్ సెట్టింగ్‌లో ఉందో లేదో చూసుకోండి, అది లేకపోతే పేజీ నిదానిస్తుంది లేదా మొండికేస్తుంది.

నిజానికి చాలా పాఠాలకు కొత్తవి దొరుకుతున్నాయి. కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ ప్రయోగాలు ఎక్కువ భాగం హెచ్‌టీఎంఎల్5లోకి వచ్చేశాయి, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి, నెట్ లేకుండా నడిచేలా దించుకోవచ్చు. ఇంజనీరింగ్ పిల్లలకు మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ కూడా భాగస్వామిగా ఉన్న వర్చువల్ ల్యాబ్స్ ఉంది.

అమీర్‌పేటలో ఫ్లాష్ నేర్చుకుని చేసిన పాత పనులున్నాయి. వాటినేం చేయాలి?

మీ దగ్గర ఎఫ్ఎల్ఏ ఫైలు ఉందా, ఎస్‌డబ్ల్యూఎఫ్ మాత్రమే ఉందా అన్నదే ముఖ్యం. ఎఫ్ఎల్ఏ ఉంటే అడోబీ యానిమేట్‌లో (2016లో ఫ్లాష్ ప్రొఫెషనల్‌కు పెట్టిన కొత్త పేరు) తెరిచి హెచ్‌టీఎంఎల్5 కాన్వాస్‌గా మార్చొచ్చు. బొమ్మలు, టైమ్‌లైన్ వస్తాయి. యాక్షన్‌స్క్రిప్ట్ మాత్రం రాదు, జావాస్క్రిప్ట్‌లో మళ్లీ రాయాలి. ఉత్త కదలికలే అయితే ఆ కష్టం పడకుండా వీడియోగా తీసి పెట్టేయండి. ఎస్‌డబ్ల్యూఎఫ్ ఒక్కటే మిగిలితే జెపెక్స్ అనే ఉచిత డీకంపైలర్‌తో బొమ్మలు, శబ్దాలు, స్క్రిప్టు బయటికి తీయొచ్చు. మీ సొంత పనికి మాత్రమే సుమా.

పాత సర్వర్ కన్సోల్ జావా అడుగుతోంది.

ముందు సర్వర్ మేనేజ్‌మెంట్ కార్డు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చూడండి, చాలా మోడళ్లకు తర్వాత హెచ్‌టీఎంఎల్5 కన్సోల్ ఇచ్చారు. అది లేకపోతే జావా 8ను రోజూ వాడే మెషిన్ మీద కాదు, వర్చువల్ మెషిన్‌లో (కంప్యూటర్ లోపలే విడిగా నడిచే ఇంకో నకిలీ కంప్యూటర్) పెట్టండి. దానికి మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ తప్ప బయటి నెట్ ఉండకూడదు. జావా 7 అప్‌డేట్ 51 నుంచి సరైన సంతకం లేని యాప్లెట్లు ఆగిపోతాయి. జావా కంట్రోల్ ప్యానెల్‌లో 'ఎక్సెప్షన్ సైట్ లిస్ట్'లో ఆ ఐపీ చేర్చాలి. అప్పటికీ "అల్గారిథం డిసేబుల్డ్" అని వస్తే, పాత ఎండీ5 సంతకాన్ని జావా తిరస్కరిస్తోందన్నమాట. జావా సెక్యూరిటీ ఫైలులోని నిషేధ జాబితా సడలించాలి. ఆ పని వర్చువల్ మెషిన్‌లోనే చేయమన్నది ఇందుకే.

మరి ఎక్స్‌టెన్షన్లు భద్రమేనా?

ప్లగిన్లంత ప్రమాదం కాదు గానీ, ఇవాళ్టి ముప్పు వీటి గుండానే ఎక్కువ. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా చదవగలదు, మార్చగలదు" అని వస్తే, దాని అర్థం అక్షరాలా అంతే: బ్యాంకు పేజీ కూడా అందులో ఒకటి. ఈ రోజు మంచిది రేపు చెడొచ్చు. ది గ్రేట్ సస్పెండర్ అనే పేరున్న ఎక్స్‌టెన్షన్ 2020లో చేతులు మారింది, 2021 ఫిబ్రవరిలో హానికరమని గూగుల్ తీసేసింది. 2024 డిసెంబర్‌లో సైబర్‌హేవెన్ అనే భద్రతా సంస్థ ఉద్యోగిని దొంగ ఈమెయిల్‌తో బురిడీ కొట్టించి, ఆ సంస్థ ఎక్స్‌టెన్షన్‌కే విషపు అప్‌డేట్ ఎక్కించారు. వాడేవాళ్లు ఏ తప్పూ చేయలేదు, అప్‌డేట్ దానంతటదే వచ్చింది.

అందుకే చేతిలో ఉన్నది చేయండి. ఎక్స్‌టెన్షన్ల పేజీలో ఒక్కోదాని 'డీటెయిల్స్' తెరిచి, 'సైట్ యాక్సెస్'ను 'ఆన్ క్లిక్' లేదా 'ఆన్ స్పెసిఫిక్ సైట్స్'కు మార్చండి. కూపన్లు వెతికేవి, పీడీఎఫ్ మార్చేవి, ఉచిత వీపీఎన్‌లు ముందు తీసేయాల్సినవి. బ్యాంకు పనికి ఏ ఎక్స్‌టెన్షన్ లేని వేరే ప్రొఫైల్ పెట్టుకుంటే ఇంకా మేలు. ఇంటి కంప్యూటర్‌లో క్రోమ్ మెనూ కింద "మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్" అని ఉంటే ఆగండి. కొన్ని యాంటీవైరస్‌లు కూడా ఆ మాట తెప్పిస్తాయి, కానీ తీసేద్దామన్నా పోని ఎక్స్‌టెన్షన్ దాంతో పాటు ఉంటే, ఏదో ప్రోగ్రాం పాలసీ పెట్టి దాన్ని బిగించినట్టే. అడ్రస్ బార్‌లో క్రోమ్://పాలసీ అని తెరిస్తే ఏది బిగించిందో బయటపడుతుంది.

ఆఫీసు వాళ్లకు సులువు దారి: పాలసీలో ఎక్స్‌టెన్షన్లన్నీ నిషేధించి, అవసరమైన నాలుగైదింటికి మాత్రమే అనుమతి ఇవ్వడం. మొదటి వారం గొడవ ఉంటుంది, ఆ తర్వాత ఎవరికీ గుర్తుండదు.

సినిమా చూస్తుంటే ఫైర్‌ఫాక్స్ "డీఆర్‌ఎం ఆన్ చేయాలా" అంటోంది. అదీ ప్లగిన్నేనా?

దూరపు చుట్టం. కాపీరైటు తాళం విప్పే చిన్న భాగం అది, దాన్ని బ్రౌజరే దించుకుని తన పెట్టెలో బంధించి నడుపుతుంది. బ్రౌజర్ తనే అడిగితే ఒప్పుకోవచ్చు. సినిమా సైట్ ఇచ్చే ఫైలు దించుకోమంటే మాత్రం అది సినిమా కోసం కాదు.

ఫోన్‌లో "ప్లగిన్ యాప్" దించుకోమని వస్తోంది.

ఐఫోన్‌కు ఫ్లాష్ ఎన్నడూ రాలేదు. ఆండ్రాయిడ్‌కు 2012 ఆగస్టులోనే ప్లే స్టోర్ నుంచి కొత్తగా దించుకునే వీలు తీసేశారు. పేజీ చూడటానికి ఏపీకే ఫైలు (ప్లే స్టోర్ బయటి యాప్) దించుకోమంటే ఆ ట్యాబ్ మూసేయండి. ఇప్పటికే వేసి ఉంటే, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద దానికి అనుమతి ఇచ్చారేమో చూసి, ముందు అది ఆపాకే యాప్ తీయండి. ఆ అనుమతి ఉండగా 'అన్‌ఇన్‌స్టాల్' మీట నొక్కనివ్వకుండా తెరను అదే వెనక్కి తిప్పేస్తుంటుంది. సేఫ్ మోడ్‌లో అయితే ఆ ఆటలు సాగవు.